అర డిగ్రీ తేడా

ప్రపంచ ఎమ్మెస్ దినం మే 30న వస్తుంది. మన లెక్కలో అది రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలని పేరుపడ్డ రోజులు. తేదీ పెట్టినవాళ్ళు మన పంచాంగం చూసి పెట్టలేదు గానీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అనే జబ్బు ఉన్న తెలుగువాళ్ళకు ఏడాది మొత్తంలో ఒళ్ళు మాట వినని రోజులేవంటే సరిగ్గా అవే.

ముందు పేరు సంగతి. తెలుగిళ్ళలో ఎమ్మెస్ అంటే అమెరికా చదువు. "వాళ్ళమ్మాయికి ఎమ్మెస్ అట" అని చెబితే "ఏ యూనివర్సిటీ?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ చదువుకు వెళ్ళే వయసూ ఈ జబ్బు బయటపడే వయసూ ఇంచుమించు ఒకటే కావడం మరో విడ్డూరం. ఎక్కువమందిలో ఇది 20కీ 40కీ మధ్య కనిపిస్తుంది, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో కనీసం రెండింతలు. పోనీ తెలుగులో "నరాల జబ్బు" అందామంటే వినేవాళ్ళకు "నరాల బలహీనత" గుర్తొస్తుంది, దాని వెనకాలే గోడల మీది గుప్త వైద్యుల ప్రకటనలు గుర్తొస్తాయి. పెళ్ళికావలసిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాట ఎవరూ నోటికి రానివ్వరు. అలా చాలా ఇళ్ళలో ఈ జబ్బు పేరు లేకుండానే ఉండిపోతుంది. "దానికి ఒంట్లో బాగుండదు" అంతే.

జరిగేది ఇదీ. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి, మెదడులో, వెన్నుపాములో, కంటి నరాల్లో నరపోగుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను దెబ్బతీస్తుంది. ఎక్కడ పొర పోయిందో దాన్నిబట్టి లక్షణం: ఒక కన్ను మసకబారడం, నడుము నుంచి కింద మొద్దుబారడం, తూలడం, మెడ వంచితే వీపు వెంట కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. మొదట్లో నూటికి 85 మందిలో ఇవి వచ్చి కొన్ని వారాలుండి పోతాయి, మళ్ళీ ఎప్పుడో వస్తాయి. ప్రపంచం మొత్తం మీద 29 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని అంచనా. చల్లని దేశాలతో పోలిస్తే మన దగ్గర అరుదే. అరుదు కాబట్టే దీని గురించి మన దగ్గరున్న కాస్త సమాచారం కూడా చలిదేశాల నుంచి వచ్చింది. అందులో ఎండ మాట ఒక పేరాలో తేలిపోతుంది. ఇక్కడ మాత్రం మనిషి రోజు ఎలా గడవాలో తేల్చేది చాలావరకు ఆ పేరాయే.

1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, ఎమ్మెస్ ఉన్నవాళ్ళకు కాస్త శ్రమపడగానే చూపు మసకబారి, విశ్రాంతి తీసుకుంటే తిరిగి రావడం గమనించాడు. ఆయన దాన్ని శ్రమ ఖాతాలో వేశాడు. అసలు కారణం ఒంటి వేడి పెరగడమని తర్వాతివాళ్ళు తేల్చారు. ఎమ్మారై లేని రోజుల్లో డాక్టర్లు దీన్నే పరీక్షగా వాడుకున్నారు: అనుమానం ఉన్న మనిషిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, చూపు తగ్గుతుందా, కాళ్ళు బలహీనపడతాయా అని చూసేవారు. ఆ పరీక్ష ఆసుపత్రుల్లోంచి ఎప్పుడో పోయింది. మన ఇళ్ళలో మాత్రం పండగపూట ఇంకా జరుగుతూనే ఉంది. దీపావళి తెల్లవారుజామున తలంటు. ఒంటికి నూనె, కుంకుడు రసం, పొగలు కక్కే నీళ్ళు, తలుపు మూసిన చిన్న బాత్రూము నిండా ఆవిరి. నాలుగో చెంబు పోసుకునేసరికి ఎదుటి గోడ మీది పలకల గీతలు అలికినట్టవుతాయి. చెంబు చేతిలోంచి జారుతుంది. పీట మీంచి లేవబోతే మోకాళ్ళు నిలవవు. బయటికొచ్చి ఫ్యాను కింద అరగంట కూర్చుంటే అంతా సర్దుకుంటుంది. "నీళ్ళు మరీ వేడి చేశావే" అని అమ్మను కసురుకోవడంతో ఆ సంగతి అక్కడితో అయిపోతుంది.

ఎంత వేడి పెరిగితే ఇలా అవుతుంది? ఒంటి లోపలి వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగితే చాలు, కొందరికి అంత కూడా అక్కర్లేదు. ఊళ్ళో లోవోల్టేజి సమయంలో మోటారు స్విచ్చి వేస్తే ఏమవుతుందో తెలిసిందే. మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. మంచి నరంలో సంకేతం అవసరానికి మించి కొన్ని రెట్ల బలంతో వెళుతుంది కాబట్టి కాస్త తగ్గినా తేడా తెలియదు. మైలిన్ పోయిన చోట ఆ మిగులు ఉండదు, బొటాబొటిగా నడుస్తుంటుంది. వేడి పెరిగినప్పుడు నరపోగు మీది సోడియం ద్వారాలు తొందరగా మూసుకుంటాయి, లోపలికి రావాల్సిన విద్యుత్తు ఇంకాస్త తగ్గుతుంది, సంకేతం మధ్యలో ఆగిపోతుంది. ఒళ్ళు చల్లబడగానే మళ్ళీ వెళుతుంది. కొత్తగా ఏదీ చెడిపోలేదు. ఎమ్మెస్ ఉన్నవాళ్ళలో నూటికి 60 నుంచి 80 మందికి ఈ అనుభవం ఉంటుంది.

అర డిగ్రీ అంటే పెద్ద లెక్క కాదు. ఎండలోకి వెళ్ళకపోయినా, ఆరోగ్యవంతుడి ఒంటి వేడి కూడా రోజులో అంతకు తక్కువ కాకుండా మారుతుంది. తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువ, మధ్యాహ్నం దాటి సాయంత్రం అయ్యేసరికి అన్నిటికన్నా ఎక్కువ. ఆడవాళ్ళకు నెలసరి ముందు రెండు వారాలు ఇంకో పావో అరో కలుస్తుంది. పొద్దున ఏడింటికి గబగబా మెట్లెక్కిన మనిషి మధ్యాహ్నం నాలుగింటికి గోడ పట్టుకుని నడిస్తే అందులో నటన ఏమీ లేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం "పొద్దున బాగానే ఉన్నావుగా" అంటారు. ఈ జబ్బులో ఎక్కువగా వినపడే మాట ఇదే కావచ్చు. అనేవాళ్ళకు దురుద్దేశమేమీ ఉండదు. పక్షవాతం వస్తే చెయ్యి పడిపోయే ఉంటుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతూనే ఉంటుంది. గంటకో తీరుగా ఉండే జబ్బు మనకు అలవాటు లేదు.

ఎండాకాలం మనకున్న ఇంకో అలవాటు దీన్ని మరింత మరుగుపరుస్తుంది. మిరప కోతకు వెళ్ళిన మనిషికి మధ్యాహ్నానికి కాళ్ళు బరువెక్కి, కళ్ళు తిరిగి కూలబడితే అందరూ వడదెబ్బ అంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఒక సెలైన్ సీసా ఎక్కిస్తాడు, అందులో ఒక బి కాంప్లెక్స్ ఇంజక్షన్. ఫ్యాను కింద రెండు గంటలు పడుకుంటే మనిషి లేచి నడుస్తాడు. పేరు సెలైన్‌కు వస్తుంది. నిజంగా వడదెబ్బ కూడా అయి ఉండొచ్చు, అదే చాలాసార్లు నిజం. కానీ ప్రతి వేసవిలోనూ అదే కాలు, అదే కన్ను మొరాయిస్తుంటే అది వడదెబ్బ దాటిన సంగతి. వడదెబ్బ ఒక కంటిని ఎంచుకుని కొట్టదు. వచ్చి పోయే స్వభావమే ఈ జబ్బును బయటపడనివ్వదు, ప్రతిసారీ ఎవరో ఒకరి వైద్యానికి "తగ్గింది" అనే కీర్తి దక్కుతుంది. కాళ్ళ తిమ్మిరికని ఆయుర్వేద కేంద్రాల్లో ఆవిరి పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. ఎమ్మెస్ ఉన్న మనిషి ఆ పెట్టెలో కూర్చోవడమంటే పాతకాలపు వేడినీళ్ళ పరీక్షకు డబ్బులిచ్చి వెళ్ళడమే.

వేడి ఒక్కటే వస్తే ఫ్యానుతోనో ఏసీతోనో ఈదవచ్చు. అది మూత్రంతో ముడిపడినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఈ జబ్బున్న చాలామందికి మూత్రాశయం మీద అదుపు సడలుతుంది. వచ్చిందంటే ఆపుకోలేరు, వెళితే పూర్తిగా ఖాళీ కాదు. ఇప్పుడు మే నెలలో నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు ఎమ్మారై కోసం బస్సెక్కిన ఒకామెను ఊహించుకోండి. బస్సులో టాయిలెట్ ఉండదు. దారిలో ఆగే చోట ఉన్నది వాడేలా ఉండదు. అందుకని ముందురోజు సాయంత్రం నుంచే ఆమె నీళ్ళు తగ్గించేస్తుంది. ఇది చాలామంది ఆడవాళ్ళు జబ్బు లేకపోయినా చేసే పనే. నీళ్ళు తగ్గితే చెమట తగ్గి ఒళ్ళు చల్లబడదు, ఆ పూట కాళ్ళు సహకరించవు. పూర్తిగా ఖాళీ కాని మూత్రాశయంలో నిలవున్న మూత్రానికి ఇన్‌ఫెక్షన్ తగులుతుంది. రెండు మూడు రోజుల్లో జ్వరం. జ్వరమంటే మళ్ళీ ఒంటి వేడే, ఈసారి అర డిగ్రీ కాదు, రెండు డిగ్రీలు. పడక మీంచి లేవలేని స్థితి. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

తిరగబెట్టడానికీ వేడి వల్ల వచ్చేదానికీ తేడా తెలియడం ఈ జబ్బుతో బతికేవాళ్ళకు తప్పనిసరి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం కనీసం 24 గంటలు ఉంటేనే అది నిజమైన తిరగబెట్టు కింద లెక్క. దానికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉండగా అదే స్టెరాయిడ్ ఎక్కిస్తే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. అందుకే స్టెరాయిడ్ కన్నా ముందు మూత్ర పరీక్ష చేస్తారు, చేయకపోతే అడిగి చేయించుకోవాలి. ఇంత పెద్ద జబ్బులో ఇంత చవకైన పరీక్ష ఇన్ని అనర్థాలను ఆపడం నిజంగా ఆశ్చర్యమే.

వేడీ, తిరగబెట్టూ ఒకేసారి ఎదురయ్యే సందర్భం బాలింతతనం. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 యూరప్ దేశాలకు చెందిన 254 మంది ఎమ్మెస్ ఉన్న స్త్రీలను కాన్పుకు ముందూ తర్వాతా గమనించారు. చివరి మూడు నెలల్లో జబ్బు బాగా నెమ్మదించింది, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో ఎగబడింది. మన ఇళ్ళలో బాలింతను తలుపులు మూసిన గదిలో ఉంచి, చెవుల్లో దూది పెట్టి, కాగే నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ప్రేమతో చేసేదే అంతా. కానీ ఆ గదిలో కాళ్ళు మొద్దుబారితే అది నీళ్ళ వేడో జబ్బు దాడో తేల్చడం డాక్టరుకూ కష్టం. గోరువెచ్చని నీళ్ళతో సరిపెట్టి, ఫ్యాను తిరగనిస్తే కనీసం ఒక అనుమానం తీరుతుంది. పిల్లలకు వస్తుందేమోనన్న భయం విషయానికొస్తే, తల్లికో తండ్రికో ఉన్నప్పుడు బిడ్డకు వచ్చే అవకాశం పాశ్చాత్య దేశాల లెక్కల్లో నూటికి రెండు మూడు. సంబంధాలు తప్పిపోవడానికి ఆ అంకె చాలదు, అయినా తప్పిపోతుంటాయి.

వంటింటి సంగతి విడిగా చెప్పాలి. గ్యాసు పొయ్యి వెలిగించగానే మంట ఆరిపోతుందని ఫ్యాను ఆపేస్తాం. ఇక చపాతీలు. నలుగురికి చేయాలంటే పెనం ముందు ముప్పావుగంట నిలబడాలి. మొహానికి సెగ, చేతిలో అప్పడాల కర్ర, పైన తిరగని ఫ్యాను. ఎమ్మెస్ ఉన్న ఇల్లాలి మధ్యాహ్నం అంతా ఆ ముప్పావుగంటలోనే ఖర్చయిపోతుంది. అదే అన్నం, పప్పు కుక్కరులో పెట్టేసి బయటికొచ్చి కూర్చోవచ్చు. ఇండక్షన్ పొయ్యి అయితే ఫ్యాను ఆపక్కర్లేదు. కూరలు ముందురాత్రే కూర్చుని తరుక్కోవచ్చు, వంట ఏడింటిలోపు ముగించవచ్చు. ఇవి ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ ఉండవు, న్యూరాలజిస్టు దగ్గర దొరికే పది నిమిషాల్లో చపాతీల ప్రస్తావన రాదు. ఇంట్లో మగవాళ్ళు పెనం ముందు నిలబడితే ఇంకా సులువుగా తేలిపోతుందనేది వేరే సంగతి.

చల్లబరచుకునే ఉపాయాల్లోనూ ఊరిని బట్టి తేడా ఉంది. మామూలు కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. రామగుండం పొడి ఎండలో అది బాగానే పనిచేస్తుంది. విజయవాడ ఉక్కపోతలో గాలికి ఇక తేమ పట్టదు కాబట్టి అదే కూలరు గదిని ఇంకా జిగటగా చేస్తుంది. మెడ చుట్టూ తడితువ్వాలుకూ అదే సూత్రం. ఉక్కపోత ఊళ్ళలో ఐసు ముక్కలు చుట్టిన గుడ్డ, ఐసు నీళ్ళు కొద్దికొద్దిగా తాగడం, బయల్దేరే ముందు చన్నీళ్ళ స్నానం నయం. ముందే ఒంటిని కాస్త చల్లబరచి బయటికెళితే ఆ అర డిగ్రీ పెరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. కాళ్ళు బిగుసుకుపోయే లక్షణం ఉన్నవాళ్ళకు మరీ చలి కూడా పడదు, ఏసీని 18లో పెట్టి పడుకుంటే పొద్దున కాళ్ళు కర్రల్లా ఉంటాయి. ఒకప్పుడు వేడెక్కుతుందని వ్యాయామమే మానమనేవారు డాక్టర్లు. ఇప్పుడు చల్లని వేళ, చల్లని చోట చేయమంటున్నారు, ఎందుకంటే మానేసినవాళ్ళ కండరాలు జబ్బుకన్నా ముందే కరిగిపోయాయి.

మందుల మాటకొస్తే, 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటాకు అనుమతి వచ్చేదాకా ఈ జబ్బు నడకను మార్చే మందే లేదు. ఇప్పుడు చాలా ఉన్నాయి, ధర దగ్గరే ఆగిపోతాం. మన దేశంలో ఎక్కువగా వాడే రిటుక్సిమాబ్ నిజానికి లింఫోమా క్యాన్సర్ మందు. దాని మొదటి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు దాదాపు సమానంగా పనిచేసే నకలును, 2007లో తెచ్చింది హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్. సాధారణంగా ఆరునెలలకోసారి ఎక్కించే ఆ మందును 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎమ్మెస్‌కు అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఈ మందులన్నీ కొత్త దాడుల్ని తగ్గిస్తాయి. పోయిన మైలిన్‌ను తిరిగి తేలేవు. అంటే మందు ఎంత బాగా పనిచేసినా పాత మచ్చల దగ్గర అర డిగ్రీ లెక్క అలాగే ఉంటుంది. ఒక్క డాల్‌ఫాంప్రిడిన్ మాత్ర మాత్రం ఆ లెక్క మీదే పనిచేస్తుంది: వేడి కుదించిన సంకేతాన్ని అది కాస్త పొడిగిస్తుంది, కొందరికి నడక వేగం పెరుగుతుంది. మూర్ఛలున్నవాళ్ళకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు పనికిరాదు.

ఇంత గంటగంటకూ మారే జబ్బును ప్రభుత్వం ఎలా కొలుస్తుంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి మరీ ఉంది. అంతకు ముందున్న 1995 చట్టంలో లేదు, కాబట్టి ఇది పెద్ద అడుగే. కానీ లాభం అందాలంటే 40 శాతం వైకల్యం తేలాలి. తేల్చేది సదరం క్యాంపు. స్లాటు దొరికిన రోజు పొద్దున్నే ఆటోలో వెళ్ళి, నీడలో కూర్చుని, డాక్టరు ముందు పదడుగులు నడిచి చూపించిన మనిషికి ఏ శాతం పడుతుంది? అదే మనిషి మధ్యాహ్నం మూడింటికి అదే వరండాలో నడిస్తే ఏ శాతం పడుతుంది? రెండూ ఒకటి కావు, సర్టిఫికెట్ మీద మాత్రం ఒకటే అంకె. ఆ అంకె మీదే తెలంగాణలో 4,016 రూపాయల పింఛను, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 రూపాయల పింఛను ఆధారపడి ఉంటాయి. తప్పంతా క్యాంపు డాక్టర్లదనలేం. ప్రపంచమంతా న్యూరాలజిస్టులు వాడే కొలబద్దది కూడా ఇదే తీరు. 1983లో జాన్ కర్ట్‌జ్‌కీ రూపొందించిన ఆ సున్నా నుంచి పది మెట్ల కొలతలో 4 దాటాక చూసేదంతా దాదాపు నడకే: ఆగకుండా 500 మీటర్లు నడిస్తే 4, చేతికర్రతో 100 మీటర్లు నడిస్తే 6. అలసట, మాట తట్టకపోవడం, లెక్క తప్పడం ఆ పైమెట్లలో ఎక్కడా కనబడవు.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చే 34వ సెక్షన్‌లో చూపు, వినికిడి, నడక లోపాల వంటి వర్గాలున్నాయి, కండరాల క్షీణత పేరు కూడా ఉంది. ఎమ్మెస్ పేరు లేదు. కొత్తగా ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు దారి ఇరుకే. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు 20వ సెక్షన్ అండ ఉంది: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. మే నెలలో ఎన్నికల డ్యూటీ పడిన టీచరుకు ఈ సెక్షన్ నంబరు గుర్తుండటం మంచిది.

చల్లదనాన్ని మందుగా లెక్కగట్టిన చోట్లు లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ఎమ్మెస్‌లాంటి జబ్బుల వల్ల ఒంటి వేడి అదుపులో ఉండనివాళ్ళు రాయితీ కార్డుదారులైతే, నవంబరు నుంచి మార్చి దాకా, అంటే వాళ్ళ వేసవిలో, కరెంటు ఖర్చులో 17.5 శాతం తగ్గింపు ఇస్తారు. మెడికల్ కూలింగ్ కన్సెషన్ అని దానికి పేరే పెట్టారు. మన దగ్గర లెక్క తలకిందులు. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి పథకంలో తెల్లకార్డు ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తం కట్టాలి. టన్నున్నర ఏసీ గంటకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది. రోహిణి కార్తెలో పగలు ఆరు గంటలు వేస్తే ఆ ఒక్క ఏసీకే నెలకు 180 నుంచి 270 యూనిట్లు అవుతాయి. ఇంట్లో బల్బులు, ఫ్రిజ్జు, మిగతా గదుల ఫ్యాన్లు ఆ పైన. సున్నా బిల్లు పోకుండా ఉండాలంటే ఏసీ మధ్యాహ్నం రెండు గంటలే వేసుకోవాలి. ఒంటి వేడి పతాక స్థాయికి చేరే నాలుగింటికి అది ఆపేసి ఉంటుంది.